సై అంటే ఏమిటే అమ్మడూ?

సంక్రాంతి నాలుగు రోజులుందనగా మా ఇంట్లో మంచాలన్నీ గోడకు చేరతాయి. హాల్లో పాత పంచె పరిచి, దానిమీద సకినాలు చుట్టడానికి కూర్చుంటాం. సకినం చుట్టడం అందరికీ అబ్బే విద్య కాదు లెండి. పిండి తడి ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే చుట్టు మధ్యలో పుటుక్కున తెగుతుంది. వేళ్లతో మెలితిప్పుతూ ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు వేసుకుంటూ పోవాలి. పది సకినాలయ్యేసరికి నడుము పట్టేస్తుంది. డెబ్బయ్యేళ్లు దాటాక మరీను.

ఈసారి నాకు తోడు కూర్చున్నది మా అమ్మాయి కూతురు. ఉస్మానియాలో ఎం.ఎస్సీ. ఫిజిక్సు చదువుతోంది. సెలవులకని నల్లగొండ వచ్చిందన్న మాటేగానీ, పండగ కాగానే పరీక్షలట. ఒడిలో నోట్సు, చేతిలో పిండి. నేను చూస్తుండగానే సకినం చుట్టడం మానేసి పంచె మీద పిండితో త్రిశూలం లాంటిదేదో పెట్టింది.

"ఇదేందే, సకినాలకు నామం పెడుతున్నవ్?" అన్నాను.

"నామం కాదమ్మమ్మా, సై."

"దేనికి సై?"

పిల్ల పకపకా నవ్వింది. అది గ్రీకువాళ్ల అక్షరమట. దాని పేరు వేవ్ ఫంక్షన్. తెలుగు పుస్తకాల్లో తరంగ ప్రమేయమంటారట. అణువుల్లో ఉండే ఎలక్ట్రాన్ల వంటి బహు చిన్న వస్తువుల సంగతంతా ఆ ఒక్క అక్షరంలో ఇమిడి ఉంటుందట.

"దాని అర్థం రాయమని పోయినేడు పరీక్షల అడిగిన్రు. పది మార్కులు. కానీ అమ్మమ్మా, దాని అర్థమేందో వందేళ్లసంది పెద్దపెద్దోళ్లే కొట్లాడుకుంటున్నరు."

వందేళ్ల కొట్లాట అనగానే నాకు ఆసక్తి పుట్టింది. మా అత్తగారి వైపు గెట్టు తగాదా కూడా అరవయ్యేళ్లకే తెగిపోయింది మరి. "చేతులు ఆడిస్తూ చెప్పు, వింటా" అన్నాను.

చెప్పింది. 1926లో ష్రోడింగర్ అనే ఆస్ట్రియా దేశపాయన ఒక సమీకరణం రాశాడు. దాంట్లో పెట్టి లెక్క కడితే అణువుల గురించి ప్రయోగాల్లో తేలిన అంకెలు చక్కగా వచ్చాయి. లెక్క కుదిరింది సరే, అందులో ఊగే ఆ అల దేని అల? చెరువులో రాయి వేస్తే నీళ్లు ఊగుతాయి. ఇక్కడ ఊగేదేమిటి? ఎలక్ట్రానే పొగమంచులా పరుచుకుని ఊగుతోందని ఆయన అనుకున్నాడు. కానీ ఎప్పుడు పట్టుకున్నా ఎలక్ట్రాను ఒకచోట, ఒక చుక్కలా, పూర్తిగా దొరుకుతుందేగానీ సగం ఇక్కడా సగం అక్కడా దొరకదు.

అదే ఏడాది మాక్స్ బోర్న్ అనే జర్మనీ పండితుడు ఇంకో అర్థం చెప్పాడు. ఆ అల వస్తువు కాదు, ఎలక్ట్రాను ఎక్కడ దొరికే అవకాశం ఎంత ఉందో చెప్పే లెక్క అన్నాడు. మొదట అల విలువే అవకాశం అని రాసేశాడట. తీరా ప్రూఫులు దిద్దేటప్పుడు తప్పు తెలిసి, అడుగున చిన్న గమనిక చేర్చాడు: విలువ కాదు, దాని వర్గం. అంటే దాన్ని దానితోనే హెచ్చవేస్తే వచ్చేది. ఆ అడుగున చేర్చిన ముక్కే అసలు ముక్క అయి కూర్చుంది. ఆయనకు నోబెల్ బహుమతి 1954లో వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత! కూరలో ఉప్పు చాల్లేదని చివర్న చల్లి దింపితే, ఆ ఉప్పుకే పేరొచ్చినట్టుంది.

ఈ బోర్న్‌గారు మనకు మరీ పరాయివాడు కాడండోయ్. హిట్లర్ రాగానే దేశం విడిచి, సి.వి. రామన్ పిలుపు మీద 1935-36లో భార్యతో సహా కొన్నాళ్లు బెంగుళూరులో ఉన్నాడు. పాటలు పాడిన ఒలివియా న్యూటన్ జాన్ ఈయన కూతురి కూతురే. ఈ మాట విన్నాక ఆయన మీద నాకు కాస్త గౌరవం కలిగింది. మనవరాలి పేరుతో గుర్తుండిపోయే తాతలు ఎందరుంటారు?

"అవకాశమే చెప్పేదైతే అలెందుకు, వర్గమెందుకు? నేరుగా అవకాశమే రాసుకోవచ్చుగా?" అన్నాను. ఇల్లాలి బుద్ధి. పని ఎక్కడ తగ్గుతుందా అని చూస్తుంది.

పిల్ల వంటింటి వైపు చూపించింది. "మన రెండు నల్లాలు కలిపి ఇప్పితే ఏమైతది?"

"బకెట్ జల్ది నిండుతది."

"రెండూ ఇప్పితే నీళ్లే రాకుంటే?"

"ప్లంబర్‌ను పిలుస్తా."

ఎలక్ట్రాన్ల దగ్గర అదే జరుగుతుందట. ఒక గోడలో రెండు సన్నని సందులు. ఒక్కటే తెరిచి ఉంటే అవతలి తెర మీద ఒకచోట చుక్కలు పడుతుంటాయి. రెండోదీ తెరిస్తే అంతకుముందు చుక్కలు పడ్డ చోట కొన్ని జాగాల్లో పడటమే మానేస్తాయి. దారి ఒకటి పెరిగితే రాకపోకలు తగ్గాయి! అవకాశాలు ఎప్పుడూ కలుస్తాయేగానీ ఒకదాన్నొకటి చెరుపుకోవు. అలలైతేనే ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నప్పుడు రెండూ చెల్లిపోతాయి. అందుకని ముందు అలల్ని కలిపి, ఆ తర్వాత వర్గం కట్టాలట. పోనీ గుంపుగా వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయా అంటే, ఒక్కొక్కటిగా పంపినా ఇదే తీరు. 1989లో జపానులో టొనొమురా బృందం దీన్ని ఫిల్ము తీసి చూపించారు. మొదట పది చుక్కలు, వంద చుక్కలు... అడ్డదిడ్డంగా, ఎవరో పిండి చల్లినట్టు. వేలకొద్దీ పడ్డాక చారలు చారలుగా క్రమం తేలింది.

ఇది నాకు వెంటనే పట్టుబడింది. చుక్కల ముగ్గే కదా! తేడా ఒక్కటే. మనం ముగ్గు మనసులో పెట్టుకుని చుక్కలు పెడతాం. అక్కడ ఏ చుక్కకూ తక్కిన చుక్కలెక్కడ పడ్డాయో తెలియదు. అయినా ముగ్గు కుదురుతుంది. ఆ కనబడని ముగ్గు పేరే సై అనుకున్నాను. పిల్ల ఒప్పుకుంది. "పదిల ఆరు మార్కులు" అంది.

మిగిలిన నాలుగు మార్కుల దగ్గరే చిక్కొచ్చింది.

నాకు అర్థమైపోయిందన్న హుషారులో, "ఇదేం పెద్ద సంగతే? మన బోరు లాంటిదే. ఇక్కడ నీళ్లు పడే అవకాశం ఇంత, అక్కడ ఇంత అని బోరు వేయకముందు లెక్కలు చెప్పలేదా?" అన్నాను.

"అస్సలు కాదు" అంది పిల్ల, పిండి చేతులు దులుపుకుంటూ.

ఆ బోరు కథ మీకు చెప్పాలి. మావారు బడిపంతులు. అప్పట్లో మేం మర్రిగూడ వైపు మా అత్తగారి ఊళ్లోనే ఉండేవాళ్లం. వరసగా వానలు మొహం చాటేశాయి. చేదబావి అడుగంటి బురద మిగిలింది. రాతినేల. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచే నేల. మా మరిది వేపపుల్ల పట్టుకు తిరిగే ఆయన్ని తీసుకొచ్చాడు. పుల్ల ఒంగిన చోట మొదటి బోరు వేస్తే లేచింది దుమ్ము. రెండో బోరులోనూ దుమ్మే. బోరు బండివాడికి మాత్రం దుమ్మైనా నీళ్లైనా అడుగుకింత లెక్కే. మూడోసారి మరిది నా ఎదుట నిలబడి, "వదినా..." అని ఆగిపోయాడు. తర్వాతి మాట నేనే అనుకున్నాను. పుట్టింటివాళ్లు పెట్టిన నాలుగు గాజుల్లో రెండు తీసిచ్చాను.

నీళ్లు పడ్డాయి. ఊరంతా వచ్చి చూసింది. తెల్లగా, చల్లగా, కొబ్బరినీళ్లలా ఉన్నాయన్నారు. "మీ గాజుల నీళ్లు" అనేవారు నన్ను. అనిపించుకోవడం నాకు బాగుండేది, దాచడమెందుకు?

"చూడు అమ్మమ్మా" అంది పిల్ల. "ఆ బోరు వేయకముందు కూడ నీళ్లు ఆడనే ఉన్నయ్. మీకు ఎరుక లేదు, అంతే. అవకాశమన్నది మీ ఎరుకలేనితనం లెక్క. ఎలక్ట్రానుకు అట్ల చెప్పరాదు. ఇంకెవరో చూడకముందు అది ఫలానా చోట ఉండెనా అంటే, ఉండెనని తేల్చి చెప్పెటోళ్లు తక్కువ."

ఐన్‌స్టైన్‌కు ఈ మాట ససేమిరా పడలేదట. దేవుడు పాచికలాడడని 1926లోనే బోర్న్‌కు ఉత్తరం రాశాడు. పాచికల సంగతి మనకు ఆయన చెప్పాలా, శకునిని ఎరిగినవాళ్లం! చూసినా చూడకపోయినా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, మీ సై లెక్కలో ఏదో కొరత ఉందని 1935లో ఇద్దరు స్నేహితులతో కలిసి వ్యాసమే రాశాడు. నిజం చెప్పొద్దూ, నేను మనసులో ఆయన వైపే ఉన్నాను.

నన్ను ఈవలికి లాగడానికి పిల్ల నా కమ్మలు అడ్డం పెట్టుకుంది. ఒకటి ఎర్రరాయి, ఒకటి పచ్చరాయి అనుకోమంది. చూడకుండా రెండు డబ్బీల్లో పెట్టి, ఒకటి నా దగ్గర ఉంచి, రెండోది పాలమూరులో మా చెల్లెలికి పంపామనుకోమంది. నాది తెరిస్తే ఎర్రది. ఆ క్షణమే చెల్లెలిది పచ్చదని తెలుస్తుంది. వింత లేదు. షరాబు దగ్గర పెట్టిన నాడే ఏది ఏదో తేలిపోయింది. జంటగా పుట్టిన రేణువులు కూడా ఇలాంటివే, ముందే జవాబులు మూటగట్టుకుని బయల్దేరతాయని ఐన్‌స్టైన్ పక్షం.

ఇది ఉత్త వాదనగానే ఉండిపోయేది. 1964లో జాన్ బెల్ అనే ఐర్లండు ఆయన దీనికి తూకం కనిపెట్టాడు. జవాబులు ముందే డబ్బీలో ఉండి, ఒక డబ్బీ తెరవడం దూరాన ఉన్న రెండోదాన్ని తాకకపోతే, రకరకాలుగా తెరిచి చూసినప్పుడు రెండింటి పొంతన ఒక హద్దు దాటకూడదు. దాటితే, ఆ రెండు నమ్మకాల్లో ఏదో ఒకటి తప్పు. 1972లో క్లౌజర్, 1982లో ఆస్పే, ఆ తర్వాత జైలింగర్, ఒకరిని మించి ఒకరు పట్టుబట్టి ప్రయోగాలు చేశారు. హద్దు దాటింది. ముగ్గురికీ 2022లో నోబెల్ ఇచ్చారు. కమ్మల కథ అక్కడ చెల్లదని తేలింది.

"మరి ఏది చెల్లుతుందే?"

అక్కడే కొట్లాట. చూడకముందు ఏముందని అడగొద్దు, ఆ ప్రశ్నే తప్పంటాడు బోర్ అనే డెన్మార్క్ ఆయన. అడిగితే కసిరే మా పెద్దమామ గుర్తొచ్చాడు. ఎలక్ట్రాను ఎక్కడో ఒకచోట ఉంటుంది, అల దాన్ని వెంటపెట్టుకు తిప్పుతుంది, అయితే దూరాన ఉన్నవి కూడా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని ఒప్పుకోవాలంటాడు 1952లో బోమ్ అనే ఇంకొకాయన. సై అంటే చూసేవాడు తనకోసం రాసుకునే జమాఖర్చు పుస్తకం, లోకం సంగతి కాదనేవారూ ఉన్నారు. అందరికన్నా ఘనుడు 1957లో ఎవరెట్ అనే కుర్రాడు. ఏ అవకాశమూ వృథా పోదు, అన్నీ జరుగుతాయి, లోకమే కొమ్మలు కొమ్మలుగా చీలుతుందన్నాడు.

ఇది వినగానే నాకు పాలమూరు పిల్లలమర్రి కళ్లముందు నిలిచింది. చిన్నప్పుడు మా నాన్న వెంట వెళ్లేదాన్ని. ఎకరాల కొద్దీ పరుచుకున్న మర్రి. ఊడలు దిగి, అవే మానులై, వాటికి మళ్లీ కొమ్మలు. మొదటి మాను ఏదో ఎంత తిరిగినా తేలేది కాదు. 2018లో దానికి చెదలు పడితే ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. బతికింది. అలాంటి లోకమైతే, ఒక కొమ్మలో నేను గాజులు ఇవ్వలేదేమో. ఇంకో కొమ్మలో మూడో బోరులోనూ దుమ్మే లేచిందేమో. అలా అయితే బాగుండునని నేను అనుకోవడానికి కారణముంది.

బోరు పడ్డ రెండేళ్లకు మా మరిదికి కొడుకు పుట్టాడు. అప్పటికి మా అమ్మాయికి పదేళ్లు, పాలపళ్లు ఊడి అసలు పళ్లు వచ్చేశాయి. మరుసటి ఏడు మావారికి నల్లగొండ బదిలీ అయి మేం వచ్చేశాం. మరిదీ యారాలూ పిల్లవాడూ ఆ నీళ్ల దగ్గరే ఉన్నారు. వాడికి ఏడెనిమిదేళ్లప్పుడు కొత్తగా వచ్చిన పళ్ల మీద పసుపుపచ్చ చారలు కనిపించాయి. తర్వాత గోధుమరంగు మచ్చలు. పన్నెండేళ్లకు మోకాళ్లు లోపలికి వంగాయి. అప్పుడు నీళ్లు పరీక్షకు పంపారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడు దానికి నాలుగింతలుంది. మా నేల కింది రాతిలోనే అది ఉంటుంది. నీరు ఆ రాతిని ఏళ్ల తరబడి ఒరుసుకుని తనలో కలుపుకుంటుంది. రంగు మారదు, వాసన రాదు, రుచి తేడా లేదు.

"మాకు తెలియదు కదా" అని ఇన్నేళ్లూ అందరితో అంటూ వచ్చాను. నాతో కూడా.

పిల్ల చెబుతోంది, ఈ చూడకముందు లేదన్న మాట బోరుకూ బండకూ వర్తించదని. చూడటమంటే మనిషి కళ్లతోనే చూడాలని లేదట. పెద్ద వస్తువుల్ని గాలీ, వెలుతురూ, చుట్టుపక్కల ఉన్న ప్రతి రేణువూ తాకుతూనే ఉంటాయి. ఆ తాకిడికి అలల ఆటంతా చెదిరిపోయి, మామూలు లెక్కే మిగులుతుందట. సరే కదా మరి. రాయీ నీరూ ఒకదాన్నొకటి ఏనాడో చూసుకున్నాయి. పిల్లవాడి ఎముకలూ చూశాయి. చూడనిది మేమే.

ఆ మాటా నిజం కాదు. నల్లగొండ నీళ్లలో ఈ జబ్బుందని 1940ల్లోనే వైద్యులు రాశారు. 1970ల్లో నాగపూరులోని నీరీ సంస్థ వాళ్లు పటికా సున్నం కలిపి ఫ్లోరైడు దించే పద్ధతి కనిపెట్టి, దానికి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. బోరు పడ్డ ఏడాదే మావారు టీచర్ల మీటింగులో ఎవరో చెప్పగా విని ఇంటికొచ్చి, "సీసాల నీళ్లు పట్టి పరీక్షకు పంపుదామె" అన్నారు. నేను గంజి వారుస్తున్నాను. "గాజులమ్మి తెచ్చిన నీళ్లకు వంకలు పెడుతున్నవా?" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మళ్లీ ఎత్తలేదు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆయన పోయి ఆరేళ్లయింది కనుక నాకొక్కదానికే తెలుసుననుకున్నాను.

సాయంత్రం మరిది కొడుకే వచ్చాడు. నలభై ఏళ్లవాడు. ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతాడు. ఏటా పండక్కి నువ్వులూ బెల్లమూ తెస్తాడు. కింద కూర్చోలేడు. పిల్ల కుర్చీ లాగి, "మామా, నీకో ముచ్చట చెప్త" అని మళ్లీ సై మొదలుపెట్టింది. కమ్మల కథ, ముగ్గు కథ అన్నీ చెప్పింది. వాడు తల ఊపుతూ విన్నాడు.

"అంటే డబ్బీ తెరిచేదాంక లోపల ఏముందో డబ్బీకి గూడ ఎరుక లేదా?" అన్నాడు. "మంచిగుంది. మా కొట్ల సరుకు గట్లుంటే ఎలుకల బాధ లేకుండు."

పిల్ల టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఎందుకు నోరు తెరిచానో తెలియదు. ఆనాడు మావారు అన్నదీ, నేను అన్నదీ, గంజి వార్చడంతో సహా వాడికి చెప్పేశాను. చెబుతున్నంతసేపూ పిండి పిసుకుతూనే ఉన్నాను.

వాడు కాసేపు గోడకేసి చూశాడు.

"ఎరుకే పెద్దమ్మా. పెదనాయిన చెప్పిండు."

"ఎప్పుడు?"

"నా పెండ్లప్పుడు. నీకు చెప్పొద్దన్నడు."

పదమూడేళ్లు! ఏటా నువ్వులూ బెల్లమూ మోసుకొచ్చి, ఇదే కుర్చీలో కూర్చుని, నేను "మాకు తెలియదు కదా నాయనా" అంటే "అవు పెద్దమ్మా" అంటూ వచ్చాడు. నేను మూత గట్టిగా పట్టుకు కూర్చున్న డబ్బీ ఎన్నడో తెరిచి ఉంది.

నేనేదో అనబోయాను. వాడు పంచె మీద ఆరుతున్న సకినాల వంక, పళ్లెంలో కాలి ఉన్న వాటి వంక చూస్తున్నాడు.

"గట్టిగ కాలినయా ఏంది? పండ్లతోటి అయితలేదు. జెర మెత్తగున్నది చూసి ఇయ్యి" అన్నాడు.

మొదటి వాయిలో నూనె సరిగా కాగక తెల్లగా దిగినవి రెండు మూడుంటాయి. వాటికోసం పళ్లెమంతా వెతికాను.